రాకుమారుడు వెలిగించిన పొయ్యి

శీతవాహిని నదిని ఆ ఎండాకాలంలో చూసినవాళ్ళెవరూ అది మనుషుల్ని చంపుతోందంటే నమ్మి ఉండరు. హిమకూట పర్వతం మీద నుంచి మెట్లు మెట్లుగా దిగివచ్చే ఆ నీరు, అడుగున సూది పడినా కనిపించేంత తేటగా ఉంది. ఏటి గుండ్రాళ్ళన్నీ నల్లపచ్చని మఖమలు కప్పుకుని ఉన్నాయి. ఎండ తగిలితే ఆ మఖమలు మీద నెమలికంఠం రంగు మెరిసేది. సన్నసన్నని బుడగలు వరసలు కట్టి పైకి లేచేవి. హిమకూట ప్రజలు దాన్ని ఏటిపట్టు అంటారు. ఏటితల్లి కట్టుకున్న చీర అని దణ్ణం పెట్టుకుంటారు, గీకి పారేస్తే మహాపాపమంటారు. మెరిసేదాన్ని చూసి మోసపోవద్దని పెద్దలు చెబుతూనే ఉన్నారు. పెద్దల మాట విన్న రాజ్యం ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, వెళ్ళి అక్కడే కాపురం పెడతాను.

ఆ నది ఒడ్డు పట్టుకుని ఇద్దరు మనుషులు, ఒక కుక్క కొండ ఎక్కుతున్నారు. ముందు నడుస్తున్న బోడిగుండు కాపాలికుడు నిజానికి కాపాలికుడు కాదు. హిమకూట రాజ్యానికి కాబోయే రాజు, కేదారుడు. తల గొరిగించుకుని, ఒళ్ళంతా బూడిద పూసుకుని, మెడలో ఎముకల దండ వేసుకున్నాడు. కన్నతల్లి బతికి ఉంటే ఆమె కూడా గుర్తుపట్టలేకపోయేది. వెనక నెత్తిన మూటతో వస్తున్నవాడు కోటలో వేటకుక్కల కాపరి మైలారి. వాడి కాళ్ళలో అడ్డం పడుతూ వస్తున్న కుక్క పేరు రాగి, ఒంటి రంగును బట్టి పెట్టిన పేరది.

వీళ్ళు పోతున్నది కొండకొమ్మున జటాకంఠుడనే మాంత్రికుడి గుహకు. కింద రాజధాని శిలాపురంలో జనం జబ్బు పడుతున్నారు. మొదట నాలుక మండేది, తర్వాత వేళ్ళు తిమ్మిరెక్కేవి, వాంతులయ్యేవి, కళ్ళు పచ్చబడేవి. చివరికి పిల్లలు మెడ నిలబెట్టలేకపోయేవాళ్ళు. ఊరంతా గోలగోలగా ఉన్న సమయంలో జటాకంఠుడి దూతలు వచ్చి చాటారు. ఏటి మీద మంత్రం వేసింది మా గురువేననీ, కొండకు కప్పం పంపితే విప్పుతాడనీ, పంపకపోతే పురంలో ఉయ్యాల ఊగదనీ. మైలారి నెత్తిన ఉన్నది ఆ కప్పం మూటే. అందులో ఉన్నది మాత్రం బంగారం కాదు, గడ్డిలో చుట్టిన కత్తి.

సేనాపతిని పంపి ఊరుకోవచ్చు. కానీ జబ్బు పడినవాళ్ళలో తరళ ఉంది. తరళ కేదారుడి చెల్లెలు. తల్లీ తండ్రీ పోయాక ఆ పిల్లకు జడ వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ అతనే. చేదు మందు పోసినప్పుడు మింగిందో లేదోనని నోరు తెరిచి చూపించమనేవాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని నోరంతా తెరిచి చూపించేది. ఇప్పుడు ఆమె చేతులు గిన్నె కూడా పట్టుకోలేకపోతున్నాయి. ఆమెకేమైనా అయితే తనకు సింహాసనం ఎందుకని అతను మైలారితో దారిలో రెండుసార్లు అన్నాడు.

బయలుదేరే ముందు కేదారుడు ఒక పని చేశాడు. గురుకులంలో నేర్చుకున్న వైద్యం గుర్తు చేసుకుని కోట మిద్దె మీద తన చేత్తో పొయ్యి వెలిగించాడు. ఏటినీళ్ళు పచ్చివి తాగబట్టే మంత్రం పట్టుకుంటోందనీ, నిప్పు తగిలితే ఎంతటి మంత్రమైనా చస్తుందనీ అతని నమ్మకం. కుండెడు ఏటినీళ్ళలో శొంఠి, తిప్పతీగ వేశాడు. ఏటిపట్టు పట్టిన గుండ్రాయి ఒకటి తెప్పించి అందులో దించాడు. మందు కాచేటప్పుడు ఏటితల్లి సాక్షిగా ఉండాలని ఆ రాజ్యంలో ఇంటింటా అలాగే చేస్తారు. దాన్ని సాక్షిరాయి అంటారు. ఆ నీళ్ళు మరిగి మరిగి ఎనిమిదో వంతుకు దిగాలి, ఆ కషాయం పూటపూటా తాగాలి. తాను తిరిగి వచ్చేదాకా ఒక్క చుక్క మిగల్చనని తరళ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఊళ్ళో రోగులందరికీ అదే మందని దండోరా వేయించాడు. ఇంకొకటి కూడా చెప్పాలి. రాజవంశం వాళ్ళు చేత్తో వెలిగించిన పొయ్యిని వెలిగించినవాళ్ళే ఆర్పాలని అక్కడి కట్టుబాటు. ఆ ఇంట్లో ప్రాణం పోతే తప్ప మరొకరు దాని మీద నీళ్ళు పొయ్యరు.

అంతటితో ఆగాడా? తాను ఏరు దాటగానే తాళ్ళవంతెన ఎత్తేయమన్నాడు. కొండ వైపు నుంచి పిట్ట ఎగిరొచ్చినా నేలకూల్చమని విలుకాళ్ళకు చెప్పాడు. అన్నిటికీ వాళ్ళు చిత్తమన్నారు, అన్నీ చిత్తశుద్ధితో చేశారు కూడా.

మిట్టమధ్యాహ్నానికి వాళ్ళు జలపాతం దగ్గరికి చేరారు. అక్కడ ఏరు బాగా సన్నబడింది. రాళ్ళ మీద నుంచి ఊడివచ్చిన ఏటిపట్టు ఒడ్డున తెట్టెలు కట్టి, ఎండకు ఎండి, అంచులు ముడుచుకుని పడి ఉంది. తడిమట్టి వాసన, ఎండుచేప వాసన కలిసి కొడుతోంది. మనుషులకు ముక్కు మూసుకోవాలనిపించే వాసన కుక్కకు నోరూరించింది. మైలారి అదిలించేలోపలే రాగి రెండు ముక్కలు నమిలి మింగేసింది.

వాళ్ళు జలపాతం పక్క మలుపు కూడా తిరగలేదు. రాగి కాళ్ళు తడబడ్డాయి. కూర్చోబోయి పడిపోయింది, పడిపోయి వణికింది. మైలారి మూట విసిరేసి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. అది తోక ఆడించబోయింది, తోక కదల్లేదు. వాడి ముఖం చూస్తూనే ఊపిరి వదిలేసింది.

"నా రాగి ఏం పాపం చేసింది దొరా?" అన్నాడు మైలారి. "ఆ మంత్రగానికి కుక్క ఏం అడ్డమొచ్చిందని?"

వేటలో పులి మీదికి ఒంటరిగా పోయిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కేదారుడు తన చేతులతోనే గొయ్యి తవ్వి, రాళ్ళు పేర్చాడు. మట్టి కప్పుతుంటే అతని మనసులో ఒక మాట మెదిలింది. ఇది పచ్చిది తిని చచ్చింది, నా చెల్లెలికి నేను కాచి పోయిస్తున్నాను అని. ఆ ఆలోచనతో అతనికి ధైర్యం వచ్చింది. పాడు ధైర్యం, రాకపోయినా బాగుండేది.

గుహ ముందు నాలుగు ఎలుగుబంట్లు గొలుసులు ఈడుస్తూ తిరుగుతున్నాయి. కాపాలికుడి వేషం చూసి మనుషులైతే దారి ఇచ్చేవాళ్ళేమో, ఎలుగులకు వేషాలతో పనేమిటి? ఒకటి వెనక్కాళ్ళ మీద లేచి మీదికి వచ్చింది. కేదారుడు మూటలోంచి కత్తి లాగి దాని భుజం మీద ఒక్క వేటు వేశాడు. "చచ్చాన్రో నాయనా" అంది ఎలుగుబంటి. మైలారి ఇంకోదాని చెవులు పట్టి గుంజితే తల ఊడి చేతికి వచ్చింది, లోపల బట్టతల మనిషి. మిగిలిన రెండూ గొలుసులు విప్పుకుని, తోళ్ళు ఎగ్గట్టుకుని కొండదారిన పరుగు లంకించుకున్నాయి. వేరే రోజైతే మైలారి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

లోపల గుహ మాత్రం చూడదగ్గదే. గోడలనిండా స్ఫటికాలు, వాటిలో వందల దీపాల నీడలు. పైకప్పు నుంచి గబ్బిలాల బదులు రాగి గంటలు వేలాడుతున్నాయి. మధ్యలో ఏనుగు దంతాల సింహాసనం, దాని మీద నేల దాకా జడలు పరుచుకుని జటాకంఠుడు. అతను లేచి గర్జించాడు. గుప్పెడు పొడి విసిరితే ఎర్రమంట లేచింది, ఇంకో గుప్పెడు విసిరితే నీలం మంట లేచింది. కేదారుడు రెండు మంటల్లోంచీ నడిచిపోయి కత్తి అతని గొంతు మీద పెట్టి, మంత్రం విప్పమన్నాడు.

ముసలి మాంత్రికుడు దగ్గాడు. దగ్గు తెర ఆగాక మెల్లగా అన్నాడు:

"వేసి ఉంటే విప్పేవాణ్ణి నాయనా. నేను వెయ్యలేదు."

తర్వాత నిజమంతా కక్కాడు. ఆ చలికాలం మంచు పడలేదు, ఏరు సన్నబడి రాళ్ళు వేడెక్కాయి. జలపాతానికి పైన కేదారుడి తండ్రి అడవి తగలబెట్టించి గుర్రపుశాలలు కట్టించాడు. వాన పడ్డప్పుడల్లా ఆ బూడిదా, ఆ లద్దె ఏట్లోకే దిగుతున్నాయి. ఎప్పుడూ అరచేతి మేర ఉండే ఏటిపట్టు ఆ తిండి తిని ఏరంతా పాకింది. పాకినదానిలో విషం పుట్టింది. ముందు జింకలు చచ్చాయి, తర్వాత కోతులు. మనుషుల దాకా వచ్చాక జటాకంఠుడికి దుర్బుద్ధి పుట్టి, ఆ చావులన్నీ తన ఖాతాలో వేసుకున్నాడు. తనను చూసి జనం భయపడి ఎంతకాలమైందో, మళ్ళీ భయపడితే చూడాలనిపించిందట. ఇది చెబుతూ అతను సిగ్గుపడ్డాడు. సిగ్గుపడితే చచ్చినవాళ్ళు లేస్తారా?

కేదారుడు కత్తి దించాడు. శత్రువుంటే చంపవచ్చు, మంత్రముంటే విప్పించవచ్చు, ఇప్పుడెవర్ని పట్టుకోవాలి? అయినా ఒక ఆశ మిగిలింది. తన వాళ్ళు పచ్చినీళ్ళు తాగడం లేదనీ, ఏటిరాయి సాక్షిగా ఎనిమిదో వంతుకు దింపిన కషాయం తాగుతున్నారనీ చెప్పాడు. చెబుతుంటే గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

ముసలివాడు అతని చెయ్యి పట్టుకుని గుహ మూలకు తీసుకుపోయాడు. అక్కడ చిన్న మంట మీద ఒక కుండ ఉంది. అడుగున పచ్చని గుండ్రాయి, దాని చుట్టూ గరిటెడు చిక్కని నీరు. పక్కన వరసగా బాణాలు ఆరబెట్టి ఉన్నాయి.

"వేటగాళ్ళకు నేనిచ్చే బాణాల విషం ఇది," అన్నాడు జటాకంఠుడు. "ఎట్లా చేస్తాననుకున్నావు? ఏటిరాయి వేసి, కుండెడు నీళ్ళు ఎనిమిదో వంతుకు దించుతాను. నిప్పు నీళ్ళను ఎగరగొడుతుంది గానీ విషాన్నేం చేస్తుంది? అది కుండలోనే ఉంటుంది."

కేదారుడు ఆ కుండలోకి వంగి చూశాడు. శొంఠి, తిప్పతీగ తప్ప అది తన కుండే. అబద్ధమన్నాడు. ముసలివాడి జడలు పట్టుకుని ఊపాడు. తాను బయలుదేరేటప్పుడు తరళ నవ్విందనీ, బాగానే ఉందనీ, కావాలంటే చూపించమనీ అరిచాడు. జటాకంఠుడి దగ్గర ఉన్న నిజమైన విద్య ఒక్కటే, అంజనం. అతను రాకుమారుడి అరచేతిలో నల్లటి కాటుక పులిమి, దీపం పక్కకు జరిపి, చూడమన్నాడు.

అరచేతిలో కోట మిద్దె కనిపించింది. పొయ్యి మండుతోంది. దాది నాగవ్వ ఒళ్ళో తరళ తల వాలిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి, చెంపలు పసుపు రంగుకు తిరిగాయి. నాగవ్వ గిన్నె నోటికి దగ్గర పెట్టింది. తరళ ముఖం తిప్పుకుంది. నాగవ్వ గిన్నె కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. అప్పుడా పిల్ల ఏదో అంది. అంజనంలో బొమ్మే గానీ మాట వినపడదు. అయినా ఆ పెదవుల కదలిక కేదారుడికి తెలిసింది. అన్నయ్యకు మాటిచ్చాను అంటోంది. గిన్నె తెమ్మని చూపుతోనే చెప్పింది, గుక్క గుక్కగా అంతా తాగింది. తాగి కొండ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి చూపించింది.

"వద్దమ్మా," అన్నాడు కేదారుడు అరచేతితో. "తాగొద్దు. నేనే చెబుతున్నాను, తాగొద్దు."

కాటుక చెమటకు కరిగి బొమ్మ చెదిరిపోయింది. అతను చెయ్యి దులిపి చూశాడు, నల్లని మరక తప్ప ఏమీ లేదు. రాజ్యంలో అందరూ తన మాట వింటున్నారు, ఆ ఒక్క మాట తప్ప. అతని గుండె పగిలిపోయింది. ఆ బాధ చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

విరుగుడుందా అని అడిగాడు. ఉంటే ఈ ఏటినీళ్ళే తాగిన తన శిష్యుడు చచ్చేవాడా అన్నాడు జటాకంఠుడు. తాగడం ఆపడమొక్కటే దారి, కొండ వెనక రాతి ఊటనీళ్ళు ఇస్తే, ఒంట్లో బలం మిగిలి ఉంటే తేరుకోవచ్చు. అంత మాత్రం ఆశ చాలు కేదారుడికి. ఊటనీళ్ళు ఒక సొరకాయ బుర్రలో నింపి నడుముకు కట్టుకున్నాడు. గుహ వెనక ముసలివాడు పెంచుకున్న గండభేరుండ పక్షి ఉంది. రెండు తలలూ ముసలివే, ఒక తలకు చూపు లేదు, ఒక్క మనిషినే మోయగలదు.

మైలారిని దారిలో పల్లెలన్నీ తిరిగి కనిపించిన కషాయం కుండనల్లా తన్నేయమన్నాడు.

"మీరు పోండి దొరా," అన్నాడు మైలారి. "నా కుక్క పచ్చిది తిని చెప్పింది, మనకే తెలీలేదు."

పక్షి లేచింది. లోయలు గిర్రున తిరిగాయి, దేవదారు అడవులు కిందికి జారిపోయాయి. మేఘంలో దూరితే మొహం తడిసింది, బయటపడితే ఎండ కళ్ళు పొడిచింది. గుడ్డి తల ఒక పక్కకు లాగుతుంటే చూపున్న తల ఇంకో పక్కకు లాగుతోంది. రెండుసార్లు కొండచరియకు రెక్క తగిలింది. కేదారుడు మెడలు రెండూ కౌగిలించుకుని తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. పొద్దు వాలుతుండగా దూరాన శిలాపురం కనిపించింది. కోట మిద్దె మీద సన్నని పొగ నిటారుగా లేస్తోంది.

ఆ పొగను చూసి అతను ఏడ్చాడు. పొగ ఉందంటే తరళ బతికి ఉంది. పొగ ఉందంటే ఇంకా అదే తాగుతోంది.

విలుకాళ్ళు మంచివాళ్ళు, చెప్పిన పని మరిచిపోలేదు. కొండ వైపు నుంచి రెండు తలల పక్షి వస్తోంది, దాని మీద బూడిద పూసుకున్న కాపాలికుడు చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి? మొదటి బాణం రెక్కలో దిగింది, రెండోది మెడలో. పక్షి ఏరు దాటలేక ఇవతలి ఒడ్డునే రాళ్ళ మీద కూలిపోయింది. గుడ్డి తల చచ్చిపోయింది. రెండో తల దాన్ని ముక్కుతో పొడుస్తూ లేపుతోంది. కేదారుడు లేచి వంతెన వైపు పరిగెత్తాడు. వంతెన లేదు. ఎత్తేశారు, అవతలి ఒడ్డున చుట్ట చుట్టి జాగ్రత్తగా పెట్టారు.

నేను కేదారుణ్ణి అని అరిచాడు. ఏటి హోరులో తన గొంతు తనకే వినపడలేదు. ఇంకో బాణం చెవి పక్కనుంచి పోయింది. సొరబుర్ర సరిచూసుకుని ఏట్లోకి దిగాడు.

ఏటిపట్టు పాదం కింద జారింది. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. లోతుకు చేరాక పెదవులు బిగించి ఈదాడు, ఒక్క గుక్క లోపలికి పోతే ఏమవుతుందో రాగి చెప్పింది కదా. బాణాలు చుట్టూ నీళ్ళలో పడుతున్నాయి. ఏటి నడుమ ఒక బండ చేతికి చిక్కితే దాన్ని పట్టుకుని ఊపిరి తీసుకుంటూ మిద్దె వైపు చూశాడు.

పొగ సన్నబడింది. ఒకసారి తెల్లగా, బుస్సున, నీళ్ళు పోసిన పొయ్యి లేపే పొగ లేచింది. తర్వాత ఏమీ లేదు. మిద్దె మీద ఆకాశం ఖాళీగా ఉంది.

తాను తప్ప ఆ పొయ్యిని ఎవరు ఆర్పుతారో, ఎప్పుడు ఆర్పుతారో అతనికి తెలుసు. బండను అలాగే పట్టుకున్నాడు. నడుముకు కట్టిన ఊటనీళ్ళ బుర్ర అలలకు బండను తగిలి టకటకమంటోంది. ఆ నీళ్ళు ఇంకెవరికని చెయ్యి వదిలేద్దామనుకున్నాడు. నిజంగానే వేళ్ళు సడలాయి.

అప్పుడు ఊళ్ళో పొగలు లేచాయి. ముందు చేపలవాళ్ళ వీధిలో ఒకటి, తర్వాత కుమ్మరివాడలో, తర్వాత వరసగా ఇంటింటా. పొద్దు వాలింది, సాయంత్రపు కషాయం వేళయింది. ప్రతి కప్పు కింద ఒక సాక్షిరాయి మరుగుతోంది. ఎవరి తరళ వాళ్ళ ఒళ్ళో ఉంది. రాకుమారుడు చెప్పిన మందు, రాకుమారుడు చెబితే తప్ప ఆగదు.

గొంతులో కేక లేచింది. నోరు తెరిచి ఏడిస్తే ఏరు లోపలికి వస్తుంది. కేదారుడు నోరు తెరవలేదు. పళ్ళు బిగించి, బండను వదిలి, పొగల వైపు ఈదసాగాడు.